ప్రాగ్: చారిత్రక కట్టడాలు, సందర్శన

ప్రాగ్ చెక్ రిపబ్లిక్ రాజధాని. చెక్ వాళ్లు దీన్ని ప్రహ అంటారు. వల్తవ నదికి రెండు వైపులా పెరిగిన ఈ నగరంలో సుమారు 13 లక్షల మంది ఉంటారు. తొమ్మిదో శతాబ్దంలో పునాది పడిన కోట, పద్నాలుగో శతాబ్దపు రాతి వంతెన, పదిహేనో శతాబ్దపు ఖగోళ గడియారం, ఐరోపాలో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్న యూదు మందిరాల్లోకెల్లా పాతది, అన్నీ ఇక్కడ నడక దూరంలోనే ఉన్నాయి. నగర చారిత్రక కేంద్రాన్ని యునెస్కో 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా 80 లక్షల మందికి అటూ ఇటూగా యాత్రికులు వస్తారు. ఊరి జనాభాకు ఇది ఆరు రెట్లు.

కాలం ఆగిపోయిన ఊరు అని ప్రాగ్ గురించి రాయడం పర్యాటక సాహిత్యానికి అలవాటు. అది నిజం కాదు. వరద కూల్చిన వంతెన పక్కన కట్టిన ఇంకో వంతెన, 1344లో మొదలుపెట్టి 1929లో ముగించిన చర్చి, యుద్ధంలో కాలిపోయి తిరిగి చెక్కించుకున్న బొమ్మలు, మ్యూజియంకి తరలిపోయిన అసలు విగ్రహాల చోట నిలబెట్టిన నకళ్లు, ఇవీ ఇక్కడి పాత కట్టడాలు. ఏది మొదటిది, ఏది మరమ్మతు, ఏ కథ నిన్న మొన్న అల్లింది అని విడదీసుకుంటూ చూస్తేనే ఈ ఊరు అర్థమవుతుంది. అలా చూడని వారికి నాలుగు గోపురాలు, ఒక గడియారం, బోలెడు ఫొటోలు మిగులుతాయి.

ఐదు పేటలు

పాత ప్రాగ్ విడివిడిగా పుట్టి, చాలాకాలం విడివిడిగానే పాలన నడుపుకున్న ఊళ్ల కూటమి. నది కుడిగట్టున పాత పట్టణం, దాన్ని ఆనుకుని యూదుల పేట యోసెఫోవ్, ఈ రెంటినీ చుట్టుకుని కొత్త పట్టణం. ఎడమగట్టున కొండ దిగువన మలా స్ట్రన, కొండమీద కోట, కోటను ఆనుకుని హ్రద్చాని. మలా స్ట్రనను 1257లో రెండో ఒటాకర్ రాజు స్థాపించాడు. కొత్త పట్టణం పేరుకే కొత్త, దాని పుట్టుక 1348. ఈ నాలుగు పట్టణాలనూ 1784లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో జోసెఫ్ ఒకే నగరంగా కలిపాడు. యూదుల పేట మాత్రం 1850 దాకా వేరుగానే ఉంది. యూదుల మీద ఆంక్షలు కొన్ని సడలించాడన్న కృతజ్ఞతతో దానికి జోసెఫ్ పేరే పెట్టుకున్నారు.

ఈ ఊరి రూపురేఖల్లో సగం ఒక్క మనిషి ఆలోచన. అతను నాలుగో చార్లెస్. 1316లో ప్రాగ్‌లో పుట్టి, ఫ్రాన్స్ రాజాస్థానంలో పెరిగి, 1346లో బొహీమియా రాజు, 1355లో పవిత్ర రోమన్ చక్రవర్తి అయ్యాడు. మధ్య ఐరోపాలో మొదటి విశ్వవిద్యాలయాన్ని 1348లో ఇక్కడే పెట్టాడు. కొత్త పట్టణం, రాతి వంతెన అతను తలపెట్టినవే. కొండమీది పెద్ద చర్చికి శంకుస్థాపన అతని తండ్రి హయాంలో జరిగినా, దాని వెనక పట్టుదల ఇతనిదే.

రెండో పెద్ద మార్పు ఓటమి వల్ల వచ్చింది. 1620 నవంబరు 8న ఊరి శివార్లలోని బీలా హోరా గుట్ట దగ్గర జరిగిన యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంట్ ప్రభువులు హాబ్స్‌బర్గ్ సేనల చేతిలో ఓడిపోయారు. వాళ్ల ఆస్తులు జప్తయ్యాయి. వాటిని దక్కించుకున్న క్యాథలిక్ ప్రభువులు, మఠాలు మలా స్ట్రన నిండా బారోక్ శైలిలో భవనాలు కట్టారు. కొత్తగా కట్టే స్తోమత లేని వారు పాత గోథిక్ ఇళ్లకే కొత్త ముఖభాగం తగిలించుకున్నారు. పాత పట్టణంలో ఇంకో పొర కూడా ఉంది. వరదల బాధ పడలేక పదమూడో శతాబ్దంలో వీధుల మట్టం ఎత్తుచేశారు. దాంతో అంతకు ముందరి ఇళ్ల కింది అంతస్తులు నేలమాళిగలైపోయాయి. ఈ వీధుల్లో మెట్లు దిగి బీరు దుకాణంలో కూర్చున్న యాత్రికుడు చాలాసార్లు పన్నెండో శతాబ్దపు ఇంటి ముందుగదిలో కూర్చున్నట్టే. పైన వీధివైపు కనిపించే గోడ పద్దెనిమిదో శతాబ్దానిది, మధ్యలో ఉన్నది పద్నాలుగోది.

రెండో ప్రపంచ యుద్ధంలో వార్సా, డ్రెస్డెన్ నేలమట్టమైనట్టు ప్రాగ్ కాలేదు. అలాగని చెక్కు చెదరకుండానూ లేదు. 1945 ఫిబ్రవరి 14న అమెరికా విమానాలు డ్రెస్డెన్ అనుకుని ఇక్కడ బాంబులు వేశాయి. వందల మంది చనిపోయారు. కొత్త పట్టణంలోని ఎమ్మౌస్ మఠం పైకప్పు కూలింది. ఇప్పుడు దాని నెత్తిన కనిపించే తెల్లటి కాంక్రీటు కోణాలు 1960లలో కట్టినవి. పాత మఠానికి అవి నప్పలేదని అనేవాళ్లున్నారు గానీ, దెబ్బ తగిలిన చోటు దాచకుండా చూపడం మంచిదే.

కోట

ప్రాగ్ కోటను 880 ప్రాంతంలో ప్షెమిస్లిద్ వంశపు బోర్జివోయ్ మొదలుపెట్టాడు. విస్తీర్ణం దాదాపు 70,000 చదరపు మీటర్లు. ప్రపంచంలో అతి పెద్ద పురాతన కోటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అయితే గోల్కొండలాంటి బురుజుల కోటను ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. బయటి నుంచి చూస్తే పొడుగాటి సచివాలయ భవనంలా ఉంటుంది, ఎందుకంటే పద్దెనిమిదో శతాబ్దంలో మరియా థెరిసా కాలంలో దాని ముఖం మొత్తం ఒకే తీరుకు తెచ్చారు. లోపల మాత్రం రాజభవనాలు, చర్చిలు, సందులు, తోటలు కలిసి ఒక చిన్న ఊరు. 1918 నుంచి దేశాధ్యక్షుడి కార్యాలయం ఇక్కడే. ప్రాంగణంలోకి టికెట్ అక్కర్లేదు. గంటగంటకూ కాపలా మార్పు జరుగుతుంది, మధ్యాహ్నం 12కి జరిగేది బ్యాండుతో. ఆ సిపాయిల యూనిఫాం పాతకాలపుది కాదు. 1989 తర్వాత, మొజార్ట్ మీద తీసిన ‘అమెడియస్’ సినిమాకు దుస్తులు రూపొందించిన థియొడోర్ పిష్టెక్ చేత కొత్తగా గీయించినది.

కోట నడిబొడ్డున సెయింట్ వైటస్ పెద్ద చర్చి. 1344లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అర్రాస్ మథియాస్ పని మొదలుపెట్టి 1352లో చనిపోయాడు. తర్వాత ఆ బాధ్యత జర్మన్ ప్రాంతం నుంచి వచ్చిన పీటర్ పార్లర్‌కు అప్పగించారు. అప్పటికి అతని వయసు ఇరవై మూడే. తూర్పు భాగంలో కప్పు కింద వలలా అల్లుకున్న రాతి దూలాలు అతని చేతిపనే. 1421 నాటికి మతసంస్కర్త యాన్ హుస్ అనుచరుల హుస్సైట్ యుద్ధాలు వచ్చి పని ఆగింది. నాలుగున్నర శతాబ్దాల పాటు సగం చర్చికి అడ్డంగా గోడ కట్టుకుని సర్దుకున్నారు. మిగతా సగం, అంటే మనం లోపలికి అడుగుపెట్టే పడమటి ద్వారం, జంట శిఖరాలు, గుండ్రటి రంగుల కిటికీ పంతొమ్మిదో శతాబ్దంలో తిరిగి మొదలుపెట్టి 1929లో ముగించినవి. జంట శిఖరాల ముందు నిలబడి ‘ఏడు వందల ఏళ్ల నాటివి’ అనుకునేవారు చాలామంది. అవి తాజ్‌మహల్ కంటే రెండున్నర శతాబ్దాలు చిన్నవి. నిజంగా పాతది చూడాలంటే దక్షిణపు వైపు తిరిగి, బంగారు ద్వారం మీదున్న పద్నాలుగో శతాబ్దపు మొజాయిక్ చిత్రం ముందు ఆగాలి.

లోపల ఎడమ వరుసలో మూడో కిటికీ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖ గీసినది, 1931 నాటిది. ఇతర కిటికీలు రంగుటద్దం ముక్కలు అతికినవి. ఇది అద్దం మీద వేసిన బొమ్మ. నడుమ ఎర్ర దుస్తుల్లో ఉన్న కుర్రవాడు చెక్ దేశ రక్షక పునీతుడు వెన్సెస్లాస్ చిన్ననాటి రూపం, పక్కన నాయనమ్మ లుద్మిల. అడుగున చూస్తే ఆ కిటికీకి డబ్బిచ్చిన స్లావియా బ్యాంకు పేరు కూడా రాసి ఉంటుంది. గుడి ట్యూబులైట్ల మీద దాతల పేర్లు చూసి పెరిగిన మనకు ఇది వింతగా తోచదు. కుడివైపున వెన్సెస్లాస్ సమాధి గది. గోడల్లో 1,300కు పైగా రంగురాళ్లు పొదిగారు. ఆ గదిలోని తలుపు వెనక పైగదిలో, నాలుగో చార్లెస్ 1346లో చేయించిన కిరీటం ఉంది. ఆ తలుపుకు ఏడు తాళాలు. తాళం చెవులు దేశాధ్యక్షుడు, ప్రధాని, ఆర్చిబిషప్, నగర మేయరు వగైరా ఏడుగురి దగ్గర ఉంటాయి. అందరూ కలిస్తేనే తెరుచుకుంటుంది.

పాత రాజభవనంలోని వ్లాదిస్లావ్ మండపం పొడవు 62 మీటర్లు. నడుమ ఒక్క స్తంభం లేదు. 1500 ప్రాంతంలో బెనెడిక్ట్ రీడ్ కట్టాడు. వాన రోజుల్లో గుర్రపు పోటీలు లోపలే జరిపేవారు కాబట్టి గుర్రాలెక్కి రావడానికి వెడల్పాటి వాలు మెట్లు ఉన్నాయి. ఈ మండపాన్ని ఆనుకున్న గదిలోంచే 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి ప్రతినిధులు స్లవత, మార్తినిత్స్‌లను, వారితో పాటు వాళ్ల కార్యదర్శి ఫబ్రిసియస్‌ను కిటికీలోంచి కిందికి తోశారు. ముగ్గురూ బతికారు. దేవదూతలు పట్టుకున్నారని క్యాథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. ముప్ఫై ఏళ్ల యుద్ధానికి నాంది పలికింది ఆ కిటికీయే. ఫబ్రిసియస్‌కు తర్వాత ప్రభు బిరుదు దక్కింది. ‘ఎత్తునుంచి పడినవాడు’ అని అర్థం వచ్చే బిరుదు.

బంగారు సందు అనే చోట వరసగా బొమ్మరిళ్లలాంటి రంగుల గదులుంటాయి. రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఇక్కడ రసవాదులను ఉంచి బంగారం చేయించాడని చెబుతారు. నిజానికి అవి కోట కాపలాదారుల కోసం కట్టినవి. 22వ నంబరు ఇంట్లో 1916–17 చలికాలంలో ఫ్రాంజ్ కాఫ్కా కూర్చుని కథలు రాసుకున్నాడు. ఇప్పుడా సందులో నిలబడటానికి చోటుండదు. రుడాల్ఫ్ అసలు ఘనత వేరే ఉంది. 1583లో ఆస్థానాన్ని వియన్నా నుంచి ఇక్కడికి తెచ్చాడు. ఖగోళ శాస్త్రవేత్తలు టైకో బ్రాహీ, యోహానెస్ కెప్లర్ అతని కొలువులోనే పనిచేశారు. గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని చెప్పే కెప్లర్ గ్రంథం 1609లో వెలువడింది, దాని వెనకున్న లెక్కలు ప్రాగ్‌లో వేసినవి. రుడాల్ఫ్ కూడబెట్టిన చిత్రాలను, గ్రంథాలను 1648లో స్వీడన్ సైనికులు దోచుకుపోయారు. వాటిలో కొన్ని ఇప్పటికీ స్టాక్‌హోంలో ఉన్నాయి.

చార్లెస్ వంతెన

ఇక్కడ మొదట జుడిత్ వంతెన అనే రాతి వంతెన ఉండేది. 1342 వరదలో కొట్టుకుపోయింది. దాని స్థానంలో 1357లో చార్లెస్ ఈ వంతెనకు పునాదిరాయి వేశాడు. ముహూర్తం జులై 9 ఉదయం 5 గంటల 31 నిమిషాలకు పెట్టారని చెబుతారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. జ్యోతిషం అంటే ప్రాణం పెట్టే రాజు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. సున్నంలో కోడిగుడ్లు కలిపారని, రాజ్యంలోని ఊళ్లన్నీ గుడ్లు పంపాలని ఆజ్ఞ వేస్తే వెల్వరి ఊరివాళ్లు దారిలో పగలకూడదని ఉడకబెట్టి పంపారని ఇంకో కథ. దీన్ని చెక్ వాళ్లు నవ్వుకోవడానికి చెప్పుకుంటారు.

వంతెన పొడవు 516 మీటర్లు, వెడల్పు పది మీటర్ల లోపు, కమానులు 16. 1841 దాకా నగరంలో వల్తవ దాటడానికి ఇదొక్కటే వంతెన. 1870 దాకా దీన్ని రాతి వంతెన అనే పిలిచారు, చార్లెస్ పేరు ఆ తర్వాతే. గుర్రపు ట్రామ్, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కొంతకాలం విద్యుత్ ట్రామ్, 1965 దాకా కార్లు కూడా దీని మీద నడిచాయి. 1890 వరదకు మూడు కమానులు కూలాయి. 2002 ఆగస్టు వరద మలా స్ట్రనను, మెట్రో సొరంగాలను ముంచేసినా వంతెన తట్టుకుంది.

పిట్టగోడల మీది ముప్ఫై విగ్రహ సముదాయాల్లో చాలావరకు 1683 నుంచి 1714 మధ్య వెలసినవి, అంటే వంతెన కట్టిన మూడు శతాబ్దాలకు. ఇసుకరాయి పొగకూ వానకూ కరుగుతుంటే అసలువి ఒక్కొక్కటిగా మ్యూజియంకి, విషెహ్రద్ నేలమాళిగకు తరలించి నకళ్లు పెట్టారు. వీటిలో జనం మూగేది నెపొముక్ యోహాను దగ్గర. 1393లో నాలుగో వెన్సెస్లాస్ రాజు ఈ మతగురువును చంపించి శవాన్ని నదిలో వేయించాడు. రాణి చెప్పుకున్న పాపాల గుట్టు విప్పనన్నందుకని భక్తుల కథ, ఒక మఠాధిపతి నియామకంపై వచ్చిన గొడవ వల్లనని చరిత్ర. పీఠం మీది కంచు పలకను తాకితే కోరిక తీరుతుందని అందరూ రాస్తుంటే ఆ చోటు మెరిసిపోతోంది.

రెండు విగ్రహాల దగ్గర మాత్రం తప్పక ఆగాలి. ఒకటి గోవాకు వచ్చి, దక్షిణ భారత తీరాల్లో క్రైస్తవాన్ని ప్రచారం చేసిన ఫ్రాన్సిస్ జేవియర్‌ది. ఆసియా దేశాల మనుషులు ఆయన పీఠాన్ని మోస్తున్నట్టు చెక్కారు. ఐరోపా ఆనాడు మనల్ని ఎలా ఊహించుకుందో అందులో తెలుస్తుంది. అసలు శిల్పం 1890 వరదలో నదిలో పడిపోతే దాని నకలు పెట్టారు. రెండోది శిలువ చుట్టూ బంగారు హీబ్రూ అక్షరాలున్నది. 1696లో ఒక యూదు పెద్ద మీద దైవదూషణ నేరం మోపి, జరిమానా సొమ్ముతో, యూదులు దేవుణ్ణి స్తుతించే మాటలనే క్రీస్తు శిలువ చుట్టూ రాయించారు. యూదులను అవమానించడానికే ఆ పని చేశారు. ఈ సంగతి వివరిస్తూ 2000లో కంచు ఫలకాలు పెట్టారు. అక్షరాల ముందు ఫొటో దిగేవారిలో ఫలకం చదివేవారు తక్కువ.

పాత పట్టణ కూడలి, గడియారం

పాత పట్టణపు పురమందిరం 1338లో మొదలైంది. దాని దక్షిణ గోడకున్న ఖగోళ గడియారాన్ని, చెక్ వాళ్లు ఓర్లోయ్ అనేదాన్ని, 1410లో కదాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడు చేశాడు. లెక్కల్లో విశ్వవిద్యాలయపు పండితుడు యాన్ షిండెల్ సాయపడ్డాడు. ఇప్పటికీ నడుస్తున్న ఖగోళ గడియారాల్లో ప్రపంచంలో ఇదే పాతది. హనుష్ అనే మేస్త్రి దీన్ని చేశాడని, ఇలాంటిది ఇంకో ఊరికి చేయకూడదని పెద్దలు అతని కళ్లు పొడిపించారని బడిపిల్లలందరికీ తెలిసిన కథ ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో పాత పత్రాలు పరిశీలించాక అది కట్టుకథేనని తేలింది.

గంట కొట్టేటప్పుడు పైకిటికీల్లో పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు ఒకరి వెనక ఒకరు కనిపించి పోతారు. అస్థిపంజరం తాడు లాగి గంట మోగిస్తుంది, పక్కనున్న తురుష్కుడు రానని తల అడ్డంగా ఊపుతాడు, పిసినారి సంచి ఆడిస్తాడు. చివర్లో కోడి కూస్తుంది. అంతా నిమిషంలో అయిపోతుంది. అరగంట నిలబడ్డ జనం ‘ఇంతేనా’ అని వెళ్లిపోతారు. వెళ్లిపోకుండా పళ్లెం వంక చూడాలి, అసలు పనితనం అక్కడుంది. నడుమ భూమి, చుట్టూ ఆకాశం. నీలం భాగం పగలు, నారింజ రంగు సంధ్యలు, నలుపు రాత్రి. సూర్యుడి బొమ్మ బిగించిన ముల్లు ఏ రంగు మీదుంటే బయట ఆ వేళ. సగం నల్లగా, సగం వెండిరంగులో ఉన్న చిన్న గోళం చంద్రుడు. తనంతట తనే తిరుగుతూ పౌర్ణమి, అమావాస్యలు చూపిస్తుంది. రాశులు చెక్కిన వలయం పక్కకు జరిగి తిరుగుతూ రవి ఏ రాశిలో ఉన్నాడో చెబుతుంది. రోమన్ అంకెలు మామూలు గంటలకు. బయటి నల్లటి వలయం మీద బంగారు అంకెలు 1 నుంచి 24 దాకా పాత చెక్ గంటలకు. ఆ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి ఆ వలయం ఏడాది పొడవునా ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. పంచాంగం చూడటం తెలిసిన తెలుగు పాఠకుడు ఐదు నిమిషాల్లో ఈ పళ్లేన్ని చదివేయగలడు, పక్కన గుంపులో నిలబడ్డ చాలామంది కంటే ముందే.

కింది పళ్లెం రోజుల పట్టిక, రోజుకో గీత జరుగుతుంది. దాని మీది పన్నెండు నెలల వ్యవసాయ చిత్రాలు యోసెఫ్ మానెస్ 1860లలో గీశాడు. అక్కడున్నది నకలు, అసలుది నగర మ్యూజియంలో ఉంది. 1945 మే 8న, యుద్ధం ముగిసిపోతున్న రోజున, జర్మన్ సేనల కాల్పుల్లో పురమందిరం అంటుకుంది. గడియారం దెబ్బతింది, అపొస్తలులు కాలిపోయారు. ఇప్పుడున్న బొమ్మలను వోయ్‌త్యెఖ్ సుఖర్ద ఆ తర్వాత చెక్కితే 1948లో గడియారం మళ్లీ నడిచింది. కాలిన ఉత్తరపు భాగాన్ని మాత్రం ఎన్ని పోటీలు పెట్టినా తిరిగి కట్టలేదు. కూడలిలో చెట్లూ బెంచీలూ ఉన్న ఖాళీ స్థలం అదే.

పురమందిరం తూర్పు గోడ కింద నేలమీద 27 తెల్లరాతి శిలువలున్నాయి. బీలా హోరా ఓటమి తర్వాత 1621 జూన్ 21న ఇక్కడ 27 మంది తిరుగుబాటు నాయకులకు మరణశిక్ష అమలుచేశారు. కూడలి నడుమ యాన్ హుస్ స్మారకం. చర్చి అవినీతిని ఎదిరించినందుకు 1415లో కాన్‌స్టన్స్‌లో సజీవంగా దహనం చేసిన మతసంస్కర్త ఆయన. సరిగ్గా 500 ఏళ్లకు, 1915లో, ఈ విగ్రహం వెలసింది. దానికి కాస్త దూరంలో మరియమాత స్తంభం. 1650లో నిలబెట్టినదాన్ని, హాబ్స్‌బర్గ్ పాలనకు గుర్తని, స్వాతంత్ర్యం వచ్చిన వారానికే 1918 నవంబరులో జనం పడగొట్టారు. 2020లో ఎన్నో వాదోపవాదాల మధ్య దాని నకలు నిలబెట్టారు. హుస్, మరియమాత పక్కపక్కనే ఉండటాన్ని ఊరు ఇంకా అరాయించుకోలేదు.

కూడలికి తూర్పున తీన్ చర్చి జంట శిఖరాలు 80 మీటర్ల ఎత్తున కనిపిస్తాయి. టైకో బ్రాహీ సమాధి లోపలే ఉంది. పక్కనున్న గులాబీ రంగు కిన్‌స్కీ భవనంలో కాఫ్కా చదివిన జర్మన్ బడి ఉండేది, తర్వాత కింది అంతస్తులో అతని తండ్రి దుకాణం నడిపాడు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు నాయకుడు క్లెమెంట్ గాట్‌వాల్డ్ ప్రసంగించింది ఈ భవనం బాల్కనీ నుంచే.

యోసెఫోవ్

1890ల నుంచి ఇరవై ఏళ్లపాటు పారిశుద్ధ్యం పేరిట యూదుల పేటను దాదాపు మొత్తం పడగొట్టారు. ఇరుకు సందులు పోయి, పారిస్ తరహా వెడల్పు వీధులు వచ్చాయి. ఖరీదైన దుకాణాల పరీష్స్కా వీధి ఆ శిథిలాల మీద వేసిందే. మిగిలినవి కొన్ని మందిరాలు, పురమందిరం, శ్మశానం. వాటిలో పెద్ద వయసుది పాత-కొత్త సినగాగ్, 1270 ప్రాంతానిది. యూదుల పురమందిరం మీద రెండు గడియారాలున్నాయి. కింది దానిపై హీబ్రూ అక్షరాలే అంకెలు, హీబ్రూ చదివే తీరునే ముళ్లు కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి.

శ్మశానంలో పదిహేనో శతాబ్దం నుంచి 1787 దాకా సమాధులు చేశారు. పేట దాటి చోటు ఇవ్వలేదు, పాత సమాధి తవ్వడం మతం ఒప్పుకోదు. అందుకని మట్టి పోసి పైన ఇంకో వరస, దాని మీద ఇంకోటి, ఇలా కొన్నిచోట్ల పన్నెండు పొరల దాకా. కింది సమాధుల రాళ్లను పైకి తెచ్చి నిలిపారు కాబట్టి దాదాపు 12,000 రాళ్లు ఒకదాని మీదొకటి ఒరిగి కనిపిస్తాయి. కొందరి రాళ్ల మీద వాళ్ల ఇంటిపేరు గుర్తుగా సింహం, చేప ఉంటాయి. 1609లో చనిపోయిన రబ్బీ లోయెవ్ సమాధి మీద గులకరాళ్లు, చీటీలు ఎప్పుడూ ఉంటాయి. బంకమట్టితో గోలెం అనే రాక్షసుణ్ణి చేసి పేటకు కాపలా పెట్టాడన్న కథ ఆయన మీదే ఉంది. ఆ కథ ఆయనకు అంటుకుంది పంతొమ్మిదో శతాబ్దంలోనే. బతికున్నప్పుడు ఆయన పేరుమోసిన పండితుడు, గోలెం ఊసే లేదు.

ప్రాగ్ మొత్తంలో ఒక్కటే చూడగలిగితే పిన్కస్ సినగాగ్ చూడాలి. నాజీలు చంపిన బొహీమియా, మొరావియా యూదులు దాదాపు 78,000 మంది పేర్లు దాని గోడల నిండా చేత్తో రాసి ఉన్నాయి. ఊళ్లవారీగా, ఇంటిపేర్లు ఎర్ర రంగులో, ఆ ఇంట్లోవాళ్ల పేర్లు, పుట్టిన తేదీ, చివరిసారి బతికున్నట్టు తెలిసిన తేదీ నల్ల రంగులో. 1950లలో మొదట రాశారు. 1968లో మందిరం మూసేశాక, చెమ్మ వల్లా మరమ్మతుల వల్లా పేర్లు తుడిచిపెట్టుకుపోయాయి. కమ్యూనిస్టు పాలన పోయాక 1992 నుంచి నాలుగేళ్లు పట్టి అన్నీ మళ్లీ రాశారు. పైఅంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి.

మలా స్ట్రన

ఇక్కడి సెయింట్ నికొలస్ చర్చి బారోక్ శైలికి పరాకాష్ఠ. క్రిస్టోఫ్ డీన్‌ట్‌సెన్‌హోఫర్, అతని కొడుకు కిలియాన్ కట్టారు. 1787లో మొజార్ట్ దీని ఆర్గాన్ వాయించాడు. 1791లో అతను చనిపోయినప్పుడు ప్రాగ్ ప్రజలు ఈ చర్చిలోనే ఘనంగా సంతాప ప్రార్థన జరిపారు. కోటకు ఎక్కే నెరూడ వీధిలో ఇళ్ల గుమ్మాల పైన బొమ్మలు చూసుకుంటూ నడవాలి. మూడు ఫిడేళ్లు, రెండు సూర్యులు, ఇలా. 1770లో మరియా థెరిసా నంబర్లు వేయించేదాకా ఇవే చిరునామాలు. ఇప్పటికీ ప్రతి ఇంటికీ రెండు నంబర్లుంటాయి. ఎర్ర పలక మీదిది పేట రిజిస్టరు నంబరు, నీలం పలక మీదిది వీధి నంబరు. వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు నీలం పలక చూడాలి.

విజయమాత చర్చిలోని బాలయేసు విగ్రహం ఎత్తు 47 సెంటీమీటర్లు. కొయ్యమీద మైనం పూత. స్పెయిన్ నుంచి వచ్చింది. 1628లో లొబ్‌కొవిట్స్ వంశపు పొలిక్సేన దీన్ని కార్మెలైట్ మఠానికి ఇచ్చింది. కాలాన్ని బట్టి, పండుగను బట్టి సన్యాసినులు దుస్తులు మారుస్తారు. దేశదేశాల భక్తులు పంపిన పట్టుబట్టలు పైగదిలో చూడవచ్చు. బెంగళూరు వివేక్‌నగర్‌లో, గుంటూరు జిల్లా ఫిరంగిపురంలో బాలయేసును కొలిచే తెలుగు క్యాథలిక్కులకు ప్రాగ్ అంటే ముందు గుర్తొచ్చేది ఈ చిన్న విగ్రహమే.

కొత్త పట్టణం, విషెహ్రద్

వెన్సెస్లాస్ కూడలి ఒకప్పటి గుర్రాల సంత. 750 మీటర్ల పొడవు. చరిత్ర అంతా పై కొసన జరిగింది. జాతీయ మ్యూజియం ముందు 1969 జనవరి 16న, సోవియట్ ఆక్రమణకు నిరసనగా యాన్ పలఖ్ అనే విద్యార్థి ఒంటికి నిప్పంటించుకున్నాడు. 1989 నవంబరులో లక్షల మంది తాళంచెవుల గుత్తులు మోగిస్తూ కమ్యూనిస్టు పాలనను దించిందీ ఇక్కడే. మ్యూజియం స్తంభాల మీద 1968లో సోవియట్ సైనికులు పేల్చిన తూటాల మచ్చలు ఇప్పటికీ పోల్చుకోవచ్చు. ఇదే కూడలిలో 1920లనాటి బాటా దుకాణం అద్దాల భవనం ఉంది. స్కూలు బూట్లతో మనందరికీ తెలిసిన ఆ కంపెనీ ఈ దేశంలోని జ్లీన్ ఊళ్లో 1894లో పుట్టింది.

జాతీయ రంగస్థలానికి పంతొమ్మిదో శతాబ్దంలో జనం చందాలు పోగేశారు. 1881లో తెరిచిన కొన్ని వారాలకే కాలిపోతే మళ్లీ చందాలేసి 1883లో తిరిగి తెరిచారు. మొజార్ట్ ‘డాన్ జొవాన్నీ’ తొలి ప్రదర్శన 1787లో జరిగిన ఎస్టేట్స్ రంగస్థలం పాత పట్టణంలో ఉంది. రెస్లోవ వీధిలోని సిరిల్, మెథోడియస్ చర్చి గైడ్ల జాబితాల్లో వెనకబడి ఉంటుంది, అలా ఉండకూడదు. 1942 మే 27న నాజీ పాలకుడు హైడ్రిక్‌పై దాడిచేసిన చెకొస్లొవాక్ సైనికులు, సహచరులు కలిపి ఏడుగురు దీని నేలమాళిగలో దాక్కున్నారు. జూన్ 18న వందల మంది జర్మన్లు చుట్టుముట్టారు. వీధివైపున్న చిన్న గాలిసందులోంచి ఫైరింజన్ గొట్టాలతో లోపలికి నీళ్లు వదిలారు. ఏడుగురూ చనిపోయారు. ఆ సందు చుట్టూ రాతి మీద తూటాల గుంటలు పూడ్చకుండా ఉంచారు.

దక్షిణాన విషెహ్రద్ కొండ. పదకొండో శతాబ్దపు గుండ్రటి చిన్న చర్చి, సంగీతకర్తలు డ్వొర్జాక్, స్మెతన, చిత్రకారుడు ముఖ సమాధులు, కింద నది. జనం తక్కువ. కోటలో తోపులాటతో విసిగినవాళ్లు సాయంత్రం ఇక్కడికి రావడం మంచిది.

చూసే పద్ధతి

మూడు రోజులు కావాలి. వంతెన మీదికి సూర్యోదయానికి వెళ్లాలి, తొమ్మిది దాటితే విగ్రహాల బదులు తలకాయలే కనిపిస్తాయి. కోటకు 22వ నంబరు ట్రామ్‌లో ఎక్కి, నెరూడ వీధి మీదుగా నడిచి దిగితే మోకాళ్లకు సుఖం. దారి నిండా రాళ్లు పరిచిన నేల కాబట్టి మెత్తటి అడుగున్న బూట్లు అవసరం. ట్రామ్, మెట్రో కాగితం టికెట్ కొంటే సరిపోదు, యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. పొగలు కక్కుతూ ప్రతి మూలా అమ్మే ట్రెడెల్నిక్ అనే చుట్ట రొట్టెను ప్రాచీన చెక్ వంటకం అంటారు. ప్రాగ్ వీధుల్లో అది కనబడటం మొదలై పాతికేళ్లు కూడా కాలేదు. శాకాహారులకు బీరు దుకాణాల్లో దొరికే వేయించిన చీజ్, బంగాళాదుంపలు దిక్కు.

భారతీయులకు షెంగెన్ వీసా కావాలి. ఇక్కడ యూరో కాదు, కొరునా చెల్లుతుంది. పాత పట్టణంలో డబ్బు మార్చే కొట్ల ముందు పెట్టే రేటు, చేతికిచ్చే రేటు ఒకటి కాకపోవచ్చు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం, వెయ్యి యూరోల లోపు మార్పిడి నచ్చకపోతే మూడు గంటల్లోగా రద్దు చేసుకుని మీ డబ్బు మీరు తీసుకోవచ్చు. కాబట్టి రసీదు పారేయకండి.